రైలింజన్ నమూనాకు అసలు రంగు ఎలా కలపాలి?

కిరందుల్ నుంచి ఇనుప ఖనిజం మోసుకుంటూ కోరాపుట్ మీదుగా విశాఖకు దిగే గూడ్సు బండ్లను చూడండి. ఇంజన్ షెడ్డు నుంచి ఏ రంగుతో బయటికి వచ్చినా, కొన్నాళ్ళకు చక్రాల నుంచి నడుము దాకా ఎర్రటి దుమ్ము పట్టేస్తుంది. కాబట్టి రంగు డబ్బా కొనకముందే ఒక సంగతి తేల్చుకోవాలి: మీరు చేయబోయేది ఏ ఇంజన్, దాన్ని ఏ దశలో చూపించాలి? ఇది తేలకపోతే ఎంత ఖరీదైన రంగు వేసినా నమూనా బొమ్మలాగే ఉంటుంది.

ఇంజన్‌ను ఎంచుకోండి. గూడ్సు బండ్లను లాగే డబ్ల్యూఏజీ-9 అనే కరెంటు ఇంజన్ల రకంలో చాలావాటికి ఆకుపచ్చ ఒళ్ళు, మీగడ రంగు పట్టీ ఉంటాయి. అయితే రకం ఒకటే అయినా షెడ్డును బట్టి రంగుల తీరు మారవచ్చు. పక్కన రాసి ఉన్న నంబరు, షెడ్డు పేరు రాసుకోండి.

రంగు ముక్కలు తయారు చేసుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. ఫోన్ కెమెరా తనకు తోచినట్టు రంగును సవరిస్తుంది. ఒక్క ఫోటోను నమ్ముకుని రంగు కలపకండి. నమూనాకు వాడే ప్లాస్టిక్‌నే చిన్న ముక్కలుగా కోసి, అదే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) పూసి, దగ్గరి ఛాయలు నాలుగైదు వేసి ఆరనివ్వండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే రంగుల దుకాణంలో ఐఎస్ 5 పట్టిక, అంటే భారతీయ ప్రమాణాల రంగుల పట్టిక, అడగండి. అందులో ప్రతి రంగుకూ నంబరు ఉంటుంది: 537 సిగ్నల్ రెడ్, 538 పోస్టాఫీస్ రెడ్, 356 గోల్డెన్ ఎల్లో. నంబరు దారి మాత్రమే చూపిస్తుంది, ఎండకు వెలిసిన ఇంజన్ దానికి కట్టుబడి ఉండదు.

ఆ ముక్కలతో రాయగడ స్టేషన్‌కో, మీకు దగ్గరి స్టేషన్‌కో వెళ్ళండి. పల్చని మబ్బు ఉన్న పూట మేలు, నడి ఎండలో ఏ రంగైనా వెలవెలబోతుంది. ప్లాట్‌ఫారం మీదే నిలబడి, ముక్కను చేయి చాచి పట్టుకుని ఇంజన్ పక్కన పోల్చండి. దుమ్ము చేరని చోటు చూడాలి: పైకప్పు అంచు కింద, తలుపు చట్రం లోపలి వైపు. ముక్కా ఇంజనూ ఒకే ఫ్రేములో పడేలా ఫోటో తీసుకుంటే ఇంట్లో పనికొస్తుంది. పట్టాల మీదికి మాత్రం దిగవద్దు, అది రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. పైన తీగల్లో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది, సెల్ఫీ కర్ర ఎత్తవద్దు.

ఇక కలపడం. సూది తీసేసిన సిరంజితో చుక్కలు లెక్కపెట్టి, ప్రతి చుక్కా రాసుకోండి. ఎరుపు మరీ మెరుస్తుంటే నలుపు జోలికి పోకుండా కొద్దిగా గోధుమ రంగు వేయండి. పసుపులో నలుపు కలిపితే ఆకుపచ్చ ఛాయ వస్తుంది. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు ఇంజన్‌లో 87వ వంతు (1:87) ఉండే నమూనాలో, అసలు రంగును ఉన్నదున్నట్టు వేస్తే ముదురుగా కనిపిస్తుంది. పది చుక్కలకు ఒక చుక్క తెలుపు కలిపి చూడండి. ఎరుపుకు తెలుపు వద్దు, గులాబీ రంగైపోతుంది. దానికి కాస్త నారింజ చాలు. తడిగా ఉన్నప్పుడు తీర్పు చెప్పకండి, ఆరాకే పోల్చండి. పోల్చడం కూడా పగటి వెలుగులోనే. ఎల్‌ఈడీ దీపం కింద సరిపోయిన రెండు ఛాయలు బయటికి తెస్తే వేరుగా కనిపించవచ్చు.

ఎరుపు, పసుపు, మీగడ రంగులకు తెల్ల ప్రైమర్ వేయండి; బూడిద రంగు ప్రైమర్ మీద అవి చచ్చుబడిపోతాయి. పల్చగా మూడు నాలుగు పూతలు వేస్తే రివెట్లు పూడిపోవు. లేత రంగు పట్టీ ముందు వేసి, టేపుతో కప్పి, ఆ తర్వాత ముదురు రంగు వేయండి.

నంబర్ల స్టిక్కర్లు అతికేది నిగనిగలాడే వార్నిష్ మీదే. అతికాక మెరుపు లేని వార్నిష్ వేయండి. దానితో రంగు కాస్త లేతబడుతుంది కనుక, ముందే ఒక ముక్క మీద వేసి చూసుకోవాలి.

దుమ్ము చివరి పని. తుప్పు రంగు పొడిని మెత్తని కుంచెతో కింది నుంచి పైకి, చక్రాలను పట్టి ఉంచే చట్రాల (బోగీల) దగ్గర ఎక్కువగా, నడుము దాటాక చాలా తక్కువగా అద్దండి. తర్వాత కొంచెం తడిపిన కుంచెను పై నుంచి కిందికి లాగితే వాన చారలు వస్తాయి. డ్రైవరు ముందున్న అద్దం మీద వైపర్ తిరిగే మేర శుభ్రంగా వదిలేయండి. మిగిలిన రంగును మూత బిగుతైన సీసాలో పోసి, చుక్కల లెక్కను దానికే అంటించండి. అంచులు గీసుకుపోయినప్పుడు మళ్ళీ కావలసింది అదే రంగు.