సిస్టమ్ మారినా ఎయిమ్ మారకుండా ఉండాలంటే

హన్మకొండ, కాజీపేట గేమింగ్ కేఫ్‌లలో వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడే తమ్ముళ్లకు ఒక మాట. సిస్టమ్ మారితే మౌస్ డీపీఐ (మౌస్ ఒక అంగుళం కదిలితే కర్సర్ ఎంత కదలాలో చెప్పే అంకె) కూడా మారొచ్చు, అందుకే ఇంట్లో బాగా తగిలే షాట్ అక్కడ గురి తప్పుతుంది. డీపీఐని గేమ్‌లోని సెన్సిటివిటీతో (మౌస్ కదిపితే గురి ఎంత తిరగాలో చెప్పే సెట్టింగ్) గుణించి ఆ అంకె గుర్తు పెట్టుకోండి: 800 డీపీఐకి 0.35 అంటే 280, కేఫ్ మౌస్ 1600 మీద ఉంటే 0.175 పెట్టండి, చేతికి అదే వేగం వస్తుంది. కౌంటర్ స్ట్రైక్ 2 అనే ఇంకో షూటింగ్ గేమ్ ఆడేటప్పుడు వాలరెంట్ సెన్సిటివిటీని 3.18తో గుణిస్తే సరిపోతుంది. విండోస్‌లో 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' టిక్ తప్పకుండా తీసేయండి, రా ఇన్‌పుట్ (మౌస్ కదలికను విండోస్ మార్పులు లేకుండా నేరుగా తీసుకోవడం) లేని గేమ్‌లలో అది చేతి వేగాన్ని బట్టి కదలికను మార్చేస్తుంది. ఒకసారి కుదిరాక రెండు మ్యాచ్‌లు ఓడిపోయామని మళ్లీ మార్చకండి, చేతికి అలవాటు కానివ్వండి.