రొట్టెల పండక్కి కెమెరాతో పొయ్యేవాళ్లు ఇవి చూసుకోండి

మొహర్రం వస్తోందంటే స్వర్ణాల చెరువు కాడ జనంతో పాటు కెమెరాలు కూడా దిగతాయి, యూట్యూబ్ పిల్లోళ్లు, స్టూడియో వాళ్లు, బయటూళ్ల నుంచి వచ్చే ఫోటోగ్రాఫర్లు అందరూ. తియ్యండి, మన నెల్లూరు పండగ నలుగురికీ తెలియాల్సిందే, కాకపోతే అక్కడ ఏ కోరికతో రొట్టె పట్టుకుంటే దానికి ఆ పేరుంటది, సంతానం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె. నీళ్లలో నిలబడి సంతానం రొట్టె పట్టుకుంటున్న ఆమె మొహం జూమ్ చేసి తీసి, కింద అదే రాసి పోస్ట్ పెట్టారంటే, ఆమె చుట్టాలక్కూడా చెప్పుకోని బాధని ఊరంతా చాటేసినట్టే. చేతులు, రొట్టె, తడిసిన కొంగు, అంతవరకే తీసుకోండి, ఫోటో బ్రహ్మాండంగా వస్తది. మొహం కావాలంటే "అమ్మా, ఫోటో తీసుకోనా, ఫేస్‌బుక్‌లో పెట్టుకోనా" అని రెండూ అడగండి, తియ్యనిచ్చారు కదా అని పెట్టడానికి కూడా ఒప్పుకున్నట్టు కాదు.

పబ్లిక్ ప్లేసే కదా ఎవరేమంటారు అనుకోవద్దు. గుంపు ఫోటోకి మామూలుగా ఇబ్బంది ఉండదు, కానీ ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. చెరువులో ఆడవాళ్లు తడి బట్టలతో ఉంటారు, అట్టాంటప్పుడు ఒంటి మీదకి లెన్స్ తిప్పి కనపడకూడనివి తీసినా, ఎవరికైనా పంపినా ఐటీ చట్టం సెక్షన్ 66ఈ కింద 3 ఏళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, రెండూ కూడా వెయ్యొచ్చు. బట్టలు మార్చుకునే చోట తీస్తే భారతీయ న్యాయ సంహిత అనే నేరాల చట్టంలో సెక్షన్ 77 ఉంది, మొదటిసారికే తక్కువలో తక్కువ ఏడాది జైలు. ఆ వైపు కెమెరా ఎత్తనే ఎత్తొద్దు.

ఫ్లెక్సీకో, హోటల్ యాడ్‌కో వాడే ఫోటో అయితే నోటిమాట చాలదు, కాయితం రాయించుకోండి. తెలుగులోనే రాయండి, ఎందుకు వాడతారు, ఎక్కడ, ఎన్నాళ్లు, డబ్బులిస్తే ఎంత, చివర సంతకం. చదువు రాని పెద్దామె అయితే ఆమె తరపు మనిషి ముందర చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. చిన్నపిల్లలకైతే అమ్మానాన్నల సంతకం, పక్కింటోళ్లది కుదరదు.

పెళ్లి ఫోటోలు తీసే తమ్ముళ్లకి కూడా ఒక మాట, కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోలకి వేరే అగ్రిమెంట్ లేకపోతే ఓనర్ డబ్బులిచ్చినోళ్లే, కాబట్టి మీ స్టూడియో ఇన్‌స్టాలో పెట్టాలంటే అడ్వాన్సు తీసుకునే రోజే రాయించుకోండి. తర్వాత ఎవరైనా తీసెయ్యమని ఫోన్ చేస్తే వాదన పెట్టుకోకుండా ఆ రోజే తీసెయ్యండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుంటే అక్కడ కూడా.