బాస్ పడగానే హెడ్‌లైట్లు కన్ను కొడుతున్నాయా? ముందు వైరు చూడండి

నా పాత హ్యాచ్‌బ్యాక్ డిక్కీలో బాస్ కోసం వూఫర్ (పెద్ద స్పీకర్), దాన్ని నడిపే ఆంప్ (ఆంప్లిఫయర్) పెట్టించుకున్న వారానికే ఈ గొడవ మొదలైంది. రాత్రి ఇంటి గోడ ముందు బండి ఆపి పాట పెడితే, దరువు పడ్డ ప్రతిసారీ గోడ మీద వెలుతురు కన్ను కొట్టేది. బిగించిన షాపులో అడిగితే 'ఆంప్ చాలట్లేదు సార్, పెద్దది వేద్దాం' అన్నారు. పెద్ద ఆంప్ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది కదా, మరి లైట్లు ఎలా బాగుపడతాయి? ఇంటికొచ్చి మల్టీమీటర్ తీశాను.

లైట్లు మసకబారడం, వాల్యూమ్ పెంచితే బాస్ చప్పబడటం

ఇంజిన్ ఆన్‌లో ఉంచి, 50 హెర్ట్జ్ టోన్‌ను (ఒకే స్థాయిలో ఆగకుండా మోగే బాస్ శబ్దం) పది సెకన్లు మాత్రమే ప్లే చేయండి. పాట పెడితే మీటర్‌లో అంకెలు నిలవవు, అందుకని టోన్. ఒకసారి బ్యాటరీ దగ్గర, ఇంకోసారి ఆంప్ టెర్మినల్స్ దగ్గర వోల్టేజ్ చూడండి. నా బండిలో టోన్ మోగుతుండగా బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు, డిక్కీలో 12.3. అంటే 1.3 వోల్టులు దారిలోనే పోతున్నాయి.

ఎక్కడ పోతున్నాయో కూడా మీటరే చెబుతుంది. ఒక ప్రోబ్‌కి పొడవాటి వైరు ముక్క కట్టి, బ్యాటరీ ప్లస్‌కీ ఆంప్ ప్లస్‌కీ మధ్య కొలిచాను: 0.9. బ్యాటరీ మైనస్‌కీ ఆంప్ మైనస్‌కీ మధ్య: 0.4. ప్లస్ వైపు ఎక్కువ పోతే వైరు లేదా ఫ్యూజ్ హోల్డర్, మైనస్ వైపు పోతే ఎర్త్, అంటే ఆంప్ మైనస్‌ను కారు బాడీ ఇనుముకి కలిపే చోటు. నాకు రెండూ ఉన్నాయి.

వైరు పైకి లావుగానే ఉంది. చివర కోసి బ్లేడుతో ఒక పోగు గీకితే లోపల వెండిలా తెల్లగా కనిపించింది. అల్యూమినియం, పైన రాగి పూత! ఇలాంటి వైరు అసలు రాగితో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే కరెంటును మోస్తుంది. పైగా అది 8 గేజ్. గేజ్ అంటే వైరు లావు కొలత, ఆ నంబర్ తగ్గేకొద్దీ వైరు లావవుతుందని గుర్తుంచుకోండి. ప్యాకెట్ మీద '1500 వాట్స్' అని రాసినంత మాత్రాన ఏమీ కాదు.

లెక్క సులభం. 500 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల అసలు పవర్) ఉన్న క్లాస్ ఏబీ ఆంప్ (కరెంటును ఎక్కువ వేడిగా వృథా చేసే రకం) ఫుల్ లోడ్‌లో సుమారు 60 ఆంపియర్లు లాగుతుంది. తక్కువ వృథా చేసే క్లాస్ డి అయితే 45 దాకా. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్లు అనుకుంటే, 60 ఆంపియర్ల దగ్గర 8 గేజ్ రాగి వైరులో 0.6 వోల్టులు పోతాయి. 4 గేజ్‌లో 0.25 మాత్రమే. నేను 4 గేజ్ వేశాను. కొనేటప్పుడు గేజ్ మాట నమ్మకండి, ఇంటి వైరింగ్‌కి అడిగినట్టే స్క్వేర్ ఎంఎం అడగండి: 4 గేజ్ అంటే 21 ఉండాలి. కారు ఆడియో కిట్ ధర చూసి గుండె ఆగితే, హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే 25 స్క్వేర్ ఎంఎం రాగి వెల్డింగ్ కేబుల్ కూడా పనికొస్తుంది. అందులోనూ అల్యూమినియం వస్తోంది, గీకి చూసే కొనండి.

ఇక ఎర్త్. షాపువాళ్లు డిక్కీలో పెయింట్ మీదే స్క్రూ బిగించి వదిలేశారు. పెయింట్‌లోంచి కరెంటు పోదు. ఆ స్క్రూ మరలు తాకినంత మేరే పోతుంది. ఎమెరీ పేపర్‌తో రూపాయి బిళ్లంత చోటు ఇనుము మెరిసేదాకా రుద్ది, వైరు చివర లగ్గు (బోల్టు పట్టే రింగు) నొక్కి క్రింప్ చేసి, బోల్టుతో బిగించి, తుప్పు పట్టకుండా పైన పెయింట్ కొట్టాను. ఎర్త్ వైరు కూడా 4 గేజే, పొడవు అర మీటరు లోపు. సీటు బెల్టు బోల్టు చేతికి అందుతుంది కదా అని దానికి మాత్రం కట్టకండి. బ్యాటరీ మైనస్ మీద కరెంటు కొలిచే సెన్సర్ ఉన్న కొత్త బళ్లలో ఎర్త్‌ను నేరుగా ఆ టెర్మినల్‌కి తెచ్చినా సెన్సర్ లెక్క తప్పుతుంది. బాడీకే ఇవ్వండి.

బ్యాటరీ దగ్గరే వోల్టేజ్ 12.6 కన్నా కిందికి పడిపోతుంటే

అప్పుడు డిక్కీ వైరు ఎంత లావు చేసినా లాభం లేదు. ముందు ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు తయారుచేసేది) నుంచి బ్యాటరీ ప్లస్‌కి, బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే మూడు వైర్లను లావువి వేసి చూడండి. ఉన్నవి తీయక్కర్లేదు, పక్కన జోడిస్తే చాలు. ఆల్టర్నేటర్ వైరుకి మాత్రం ఫ్యూజ్ ఉండాలి. అయినా మారకపోతే లోపం బ్యాటరీలోనో ఆల్టర్నేటర్‌లోనో ఉంది.

యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లో 'కుయ్' మని పెరిగే చప్పుడు

ఆంప్ ఆపి, దాని దగ్గర ఆర్‌సీఏ పిన్నులు (స్టీరియో నుంచి పాట సిగ్నల్ తెచ్చే కేబుల్‌వి) పీకి, మళ్లీ ఆన్ చేయండి. చప్పుడు పోతే అది స్టీరియో వైపు నుంచో ఆ కేబుల్ మీదుగానో వస్తోంది. స్టీరియో ఎర్త్ సరిచేయండి, పవర్ వైరు ఒక పక్క, ఆర్‌సీఏ రెండో పక్క నుంచి తీసుకెళ్లండి. పోకపోతే ఆంప్ ఎర్త్ మళ్లీ చూడండి.

ఫ్యూజ్ హోల్డర్ కాలుతోంది, లేదా ఫ్యూజ్ పోతోంది

పట్టుకోలేనంత వేడెక్కితే లోపల స్క్రూ వదులై ఉంటుంది, లేదా నాసిరకం హోల్డర్. ఫ్యూజ్ పదేపదే పోతుంటే పెద్దది వేయాలని చేయి లాగుతుంది. వద్దు. ఆ ఫ్యూజ్ ఉన్నది ఆంప్ కోసం కాదు, వైరు కోసం. ఇంజిన్ గది నుంచి లోపలికి వచ్చే రేకు రంధ్రంలో రబ్బర్ బుష్ లేకపోతే, వైరు రాసుకుని రాసుకుని రేకుకి తగులుతుంది. బ్యాటరీ మొత్తం కరెంటూ అక్కడే దిగి మంట లేస్తుంది. అందుకే ఫ్యూజ్ బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. నేను 4 గేజ్ రాగి వైరుకి 100 ఆంపియర్లది వేశాను.

పని మొదలుపెట్టేముందు 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ మైనస్ తీసేయండి. వైర్లన్నీ బిగించాకే, ఆఖరి పనిగా ఫ్యూజ్ పెట్టాలి.

మార్చాక మళ్లీ అదే టోన్ పెట్టి కొలిచాను: దారిలో పోయేది రెండు వైపులా కలిపి 0.3 వోల్టులు. ఆంప్ పాతదే. ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లైట్లు ఇప్పటికీ ఒక్క పిసరు తగ్గుతాయి. ఐడ్లింగ్‌లో ఆల్టర్నేటర్ ఇచ్చేది అంతే, దాన్ని అలాగే వదిలేశాను.