డ్రైవ్ లెటర్ మార్చాక ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇన్‌స్టాలర్ మొరాయిస్తోందా?

డి డ్రైవ్‌ని ఇ గా మార్చిన రోజు విండోస్ ఏమీ అనదు. ఫైళ్లన్నీ మామూలుగానే తెరుచుకుంటాయి. తర్వాతెప్పుడో ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వేయబోతే గొడవ మొదలవుతుంది. పాత లెటర్ నాలుగైదు చోట్ల రాసి ఉంటుంది, ఒక్కోచోట ఒక్కో రకం ఎర్రర్ వస్తుంది.

అన్నిటికంటే ముందు ఒకటి చూడండి: పాత లెటర్ ఇంకా ఖాళీగా ఉందా? ఉంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాన్నే తిరిగి ఇచ్చేయండి. పెన్‌డ్రైవ్ లాంటిదేదైనా ఆ లెటర్ పట్టుకుని ఉంటే, ముందు దానికి వేరేది ఇవ్వండి. అయితే కొత్త లెటర్ మీద ఈలోగా ఏవైనా ప్రోగ్రాములు వేసి ఉంటే ఇది కుదరదు. అప్పుడు కింది దారి పట్టాలి. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) చెయ్యి పెట్టే ముందు, మార్చబోయే కీని (అందులో ఫోల్డర్ లాంటిది) ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. రిజిస్ట్రీ మొత్తం వెతికి పాత లెటర్‌ని గంపగుత్తగా మార్చేసే టూల్స్ జోలికి మాత్రం పోవద్దు.

సమస్య: మొదట్లోనే "ఎర్రర్ 1327, ఇన్‌వాలిడ్ డ్రైవ్"

ఇది డేటాబేస్ తప్పు కాదు. డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్ ఒకప్పుడు ఆ డ్రైవ్‌కి మార్చి ఉంటారు. రిజిస్ట్రీలో కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, ఎక్స్‌ప్లోరర్ వరుసలో వెళ్తే యూజర్ షెల్ ఫోల్డర్స్ కనిపిస్తుంది. అక్కడ డాక్యుమెంట్స్ పేరు "పర్సనల్" అని ఉంటుంది, కంగారు పడకండి. పాత లెటర్ ఉన్న విలువలు సరిచేసి, లాగాఫ్ అయి రండి. లోకల్ మెషీన్ కింద కూడా ఇదే కీ ఉంటుంది, అదీ చూడండి. అంతా సరిగ్గా ఉన్నా ఎర్రర్ పోకపోతే, ఇన్‌స్టాలర్ వేరే అడ్మిన్ అకౌంట్‌తో నడుస్తోందేమో గమనించండి. అప్పుడు చూడాల్సింది ఆ అకౌంట్ కరెంట్ యూజర్‌ని.

సమస్య: "ఎర్రర్ 1706", లేదా సెటప్ ఫైల్ ఎక్కడుందని అడగడం

మొదటిసారి ఇన్‌స్టాల్ చేసిన చోటును విండోస్ గుర్తుపెట్టుకుని అక్కడికే వెళ్తోంది. అదే వెర్షన్ సెటప్‌ని సి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, బ్రౌజ్ నొక్కి చూపించండి.

సమస్య: అప్‌డేట్ చివరిదాకా వెళ్లి ఫెయిలవడం, ఎస్‌క్యూఎల్ సర్వీస్ లేవకపోవడం

అసలు టెన్షన్ పెట్టేది ఇదే. స్క్రీన్ మీద "డేటాబేస్ ఇంజిన్ రికవరీ హ్యాండిల్" గురించి ఏదో కనిపిస్తుంది. దాన్నిబట్టి ఏమీ తేలదు. మీ ఇన్‌స్టెన్స్ (కంప్యూటర్‌లో వేసుకున్న ఒక్కో ఎస్‌క్యూఎల్ సర్వర్ కాపీ) లాగ్ ఫోల్డర్‌లోని ఎర్రర్‌లాగ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చివరి నుంచి పైకి చదవండి. 912 ఎర్రర్ ఉండి, దానికి పైన 5133 ఎర్రర్‌తో పాత లెటర్ ఉన్న పాత్ (ఫైల్ ఉన్న చోటు చిరునామా) కనిపిస్తే కారణం దొరికినట్టే. అప్‌డేట్ స్క్రిప్ట్, ఎస్‌క్యూఎల్ ఏజెంట్ (షెడ్యూల్ చేసిన పనులు నడిపే సర్వీస్) సర్టిఫికెట్ కోసం కాసేపు ఒక చిన్న డేటాబేస్ సృష్టిస్తుంది. దాన్ని డీఫాల్ట్ డేటా ఫోల్డర్‌లో పెట్టబోతుంది. ఆ ఫోల్డర్ ఇప్పుడు లేదు.

రిజిస్ట్రీలో లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్ వరుసలో వెళ్లి, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ కీలో మీ ఇన్‌స్టెన్స్‌ని వెతకండి. 2019 వెర్షన్ అయితే పేరులో 15 ఉంటుంది. దాని లోపలి ఎంఎస్‌ఎస్‌క్యూఎల్‌సర్వర్ కీలో డీఫాల్ట్ డేటా, డీఫాల్ట్ లాగ్ విలువలు నిజంగా ఉన్న ఫోల్డర్లకి మార్చి సర్వీస్ స్టార్ట్ చేయండి. ఆగిన స్క్రిప్ట్ మళ్లీ నడుస్తుంది. స్టార్టప్ పారామీటర్లలో ట్రేస్ ఫ్లాగ్ 902 (సర్వర్ తీరు మార్చే ఒక స్విచ్) పెడితే సర్వీస్ లేస్తుంది కానీ, అది స్క్రిప్ట్‌ని దాటేయడం మాత్రమే. పని కాగానే తీసేయాలి.

లాగ్‌లో 17113 ఉంటే మాస్టర్ (సర్వర్ సొంత సమాచారం ఉండే డేటాబేస్) ఫైల్ తెరుచుకోలేదని. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో స్టార్టప్ పారామీటర్లు తెరిచి మాస్టర్ డేటా, లాగ్, ఎర్రర్‌లాగ్ మూడింటి పాత్‌లూ మార్చండి. ఎర్రర్‌లాగే కొత్తగా రాకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో చూడండి. 17113 ఉన్న లైన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఎర్రర్ 3 అంటే పాత్ తప్పు, 5 అంటే పాత్ కరెక్టే, అనుమతి లేదు. ఫైళ్లను వేరే చోటుకి కాపీ చేసినవాళ్లకి రెండోది తరచూ వస్తుంది. ఆ ఫోల్డర్ మీద ఎస్‌క్యూఎల్ సర్వీస్ అకౌంట్‌కి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి.