పెట్రి ప్లేట్ల మూతలకు చెమ్మ పట్టకుండా

సూక్ష్మజీవులను పెంచడానికి అగార్ (చల్లారితే జెల్లీలా గట్టిపడే పదార్థం) పోసిన ప్లేట్ల మూతల లోపల నీటి బొట్లు పేరుకోవడం, అవి జారిపడి విడివిడిగా రావాల్సిన కాలనీలన్నీ (సూక్ష్మజీవుల గుంపులు) కలిసిపోవడం మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసేవారికి తెలిసిన తలనొప్పే.

నల్లగొండలో మా కాలేజీ ల్యాబులో ఇప్పుడు ఇలా చేస్తున్నాం. 500 మిల్లీలీటర్ల నీటికి 14 గ్రాముల న్యూట్రియెంట్ అగార్ పొడి కలిపి, లీటరు ఫ్లాస్కులో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేస్తాం, అంటే క్రిములు చచ్చేలా ఒత్తిడితో కూడిన ఆవిరిలో వేడిచేస్తాం. తీసిన వెంటనే పోయకూడదు. ఫ్లాస్కును 50 డిగ్రీల నీటి తొట్టిలో అరగంటకు పైగా ఉంచాలి. తర్వాత బర్నర్ పక్కన ప్లేటుకు 20 మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ, పోసిన ప్రతి ప్లేటునూ వెంటనే ముందుదాని మీద పేర్చాలి. ఆరేడు ప్లేట్ల దొంతర చాలు. పై ప్లేటు వేడి కింది మూతను చల్లబడనివ్వదు కాబట్టి ఆవిరి అక్కడ నీరుగా మారదు. అన్నిటికంటే పై మూత మీద వేడినీళ్లున్న చిన్న బీకరు పెడితే అదీ దాదాపు పొడిగానే ఉంటుంది. గట్టిపడడానికి గంట పట్టవచ్చు, ఆ తర్వాతే తలకిందులు చేయాలి. అంతసేపూ ఫ్యాను ఆపేయండి. మా ఎండల్లో అది శిక్షే అయినా, ఆ గాలికి దుమ్ముతోపాటు బూజు కూడా ప్లేట్లలోకి చేరుతుంది.

ఆంపిసిలిన్ వంటి యాంటీబయాటిక్ కలిపిన అగార్‌కు మాత్రం ఈ పద్ధతి వద్దు. దొంతరలో వేడి ఎక్కువసేపు నిలిచి మందు బలం తగ్గవచ్చు. ఆ ప్లేట్లను బల్ల మీద విడివిడిగానే ఆరనివ్వండి.