సిమెంట్ ఒకటే, రిపోర్టులు రెండు: తేడా ఎక్కడ పుట్టింది?

చెన్నై టెస్టింగ్ ల్యాబుల్లో చేరే మన తెలుగువాళ్లకు మొదట్లో టెన్షన్ పెట్టేది ఇదే: ఒకే శాంపిల్‌కు టైట్రేషన్‌లో (ద్రావణాన్ని చుక్కలుగా కలుపుతూ కొలిచే పద్ధతి) ఒక అంకె, ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో (ఎక్స్‌రేలతో మూలకాలను కొలిచే మెషీన్) ఇంకో అంకె. తప్పు మెషీన్‌దా, మనిషిదా అని వాదించుకునే ముందు ఏ పద్ధతి దేన్ని కొలుస్తోందో చూడాలి. రెండూ సరిగ్గా కొలిచినా అంకెలు కలవకపోవచ్చు.

సమస్య: ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో కాల్షియం ఆక్సైడ్ 65 శాతం, టైట్రేషన్‌లో 62.4.
మిగతా ఆక్సైడ్లూ అదే నిష్పత్తిలో ఎక్కువగా ఉన్నాయేమో చూడండి. ఉంటే, ఫ్యూజ్డ్ బీడ్‌ను (శాంపిల్‌ను కరిగించి పోసిన గాజు బిళ్ల) కాల్చిన శాంపిల్‌తో చేశారని దాదాపు ఖాయం. ఫర్నేస్‌లో 4 శాతం బరువు పోయాక మిగిలిన 96నే నూరుగా లెక్కేశారు. 65ను 0.96తో గుణించండి, 62.4 వస్తుంది. లెక్క కాల్చిన శాంపిల్ మీదా, కాల్చకుండా వచ్చింది వచ్చినట్టే ఉన్న శాంపిల్ మీదా అన్నది రాయని రిపోర్టు మీద సంతకం పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎల్‌ఓఐ (కాల్చినప్పుడు పోయే బరువు) అంకె రోజుకో రకంగా వస్తుంటే సంచి ఎలా ఉంచారో అడగండి. చెన్నై గాలిలో తేమ ఎక్కువ. మూత సరిగా లేని సిమెంట్ తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది. గాలి చొరబడని డబ్బా వాడండి, క్రూసిబుల్‌ను (శాంపిల్ కాల్చే గిన్నె) డెసికేటర్‌లోనే (తేమ చేరని మూత పాత్ర) చల్లార్చండి. స్లాగ్ (ఇనుము కొలిమి చిట్టెం) కలిపిన సిమెంట్‌లో మాత్రం సల్ఫైడ్ ఆక్సిజన్‌ను పట్టుకుని బరువు పెంచుతుంది కాబట్టి పెరిగిన ఆ బరువును లెక్కలో సవరించడం తప్పనిసరి.

సమస్య: ఆసిడ్‌లో కరిగించి చూస్తే పీపీసీలో (ఫ్లై యాష్, అంటే బొగ్గు బూడిద కలిపిన సిమెంట్) కరగని అవశేషం ఎక్కువ, సిలికా, అల్యూమినా తక్కువ.
ఫ్లై యాష్‌లోని గాజు, మల్లైట్, క్వార్ట్జ్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో పూర్తిగా కరగవు. వడపోతలో మిగిలిపోయినదాన్ని టైట్రేషన్ చూడలేదు, ఎక్స్‌ఆర్‌ఎఫ్ చూస్తుంది. శాంపిల్‌ను ముందుగా లిథియం మెటాబోరేట్‌తో కరిగించి, ఆ తర్వాతే ఆసిడ్‌లో వేయండి.

అలాగే ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంట్) స్టాండర్డ్‌లతో క్యాలిబ్రేట్ చేసిన ప్రెస్డ్ పెల్లెట్ (పొడిని నొక్కి చేసిన బిళ్ల) ప్రోగ్రామ్‌లో పీపీసీని పెట్టకండి. సిలికాన్, అల్యూమినియం, మెగ్నీషియం కిరణాలు పెల్లెట్ పైపొరలోంచే బయటికి వస్తాయి. అందుకే రేణువు సైజు మారినా, ఖనిజం మారినా అంకె జరుగుతుంది. బీడ్‌లో ఆ బెడద దాదాపు ఉండదు. పెల్లెట్ త్వరగా అవుతుంది, రోజువారీ ప్లాంట్ కంట్రోల్‌కు చాలు. వివాదం వస్తే బీడే చేయాలి.

సమస్య: టైట్రేషన్‌లో మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) ఎక్కువ.
ఈడీటీఏ (కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే రసాయనం) టైట్రేషన్ పద్ధతిలో మెగ్నీషియాను మొత్తంలోంచి కాల్షియం తీసేసి లెక్కిస్తాం. కాల్షియం ఆక్సైడ్ 0.5 శాతం తక్కువ చదివితే మెగ్నీషియా 0.36 పెరుగుతుంది. పీహెచ్ 12 దాటిందా, ఇనుము, అల్యూమినియంలను ట్రైఇథనాలమీన్‌తో అడ్డుకున్నారా చూసి, కాల్షియం ఎండ్ పాయింట్ మళ్లీ తీయండి.

ఫ్రీ లైమ్ (దేనితోనూ కలవకుండా మిగిలిన సున్నం) కోసం ఎక్స్‌ఆర్‌ఎఫ్‌ను అడగకండి. అది మొత్తం కాల్షియాన్నే చెబుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ టైట్రేషన్ గానీ, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటికాలను గుర్తించే పద్ధతి) గానీ చేయాల్సిందే.