28 రోజుల లెక్క, ఆటోపే సంగతి

నెల రీచార్జ్ అని మనం అనుకునేది చాలావరకు 28 రోజులదే. అంటే ఏడాదికి 12 కాదు, 13 సార్లు వేయించాలి. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే 52 రీచార్జులు! ప్రతి నెలా ఒకే తేదీకి వచ్చే ప్లాను కూడా ఒకటి ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లోనే కంపెనీలకు చెప్పింది. యాప్‌లో కాస్త కిందిదాకా వెతకండి.

మల్కాజిగిరిలో ఉండే మా అమ్మకు ఫోన్ మాట్లాడ్డానికే. యూట్యూబ్ చూసినా ఇంట్లో వైఫై మీదే. అయినా రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకే వేయిస్తూ వచ్చాం, పాపం రోజూ అంతా మిగిలిపోయేది. కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్ ఇవ్వాలని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ నిబంధన పెట్టింది. ఇంటిపట్టున ఉండే పెద్దవాళ్లకు అది చాలు. కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌తోనే డబ్బులిచ్చేవాళ్లయితే డేటా ఉంచండి.

ఇక ఓటీటీలు. సంక్రాంతి సెలవుల్లో పిల్లల కోసం తీసుకున్న ఒకటి, ఆగస్టుదాకా నెలనెలా నా ఖాతాలోంచి డబ్బు లాగుతూనే ఉంది. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్నచోట, ఇలా దానంతటదే డబ్బు కట్టేలా ఆ యాప్‌లో పెట్టినవి కనిపిస్తాయి, చూడనివి అక్కడే ఆపేయండి. వైఫై ప్లానులోనే అదే ఓటీటీ కలిసి ఉందేమో కూడా చూసుకోండి.